సెకండ్ల ముల్లు గారి టమాటా మడి

వాచీలు బాగుచేసే ఆయన్ని వీధి వీధంతా సెకండ్ల ముల్లు అని పిలిచేది. పనిబల్ల దగ్గర తప్ప ఆయన ఎక్కడా కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు లేరు. షాపు మూసి ఇంటికొస్తే కాలుకాలిన పిల్లిలా గదులన్నీ తిరిగేవాడు. ఈ ఏడు ఆ తిరుగుడు పెరట్లోకి మళ్ళింది. టమాటా మడి వేశాడు.

మొలకల వెనకే పిల్లులూ వచ్చాయి. మెత్తగా తవ్విన మట్టిని చూసి, ఎవరో మహానుభావుడు తమకోసం మరుగుదొడ్డి కట్టించాడనుకున్నాయి. అందులో బూడిదరంగు గండుపిల్లి ఒకటి పని ముగించుకుని, నాలుగు మొక్కలు పెకలించి, తీరుబడిగా గోడెక్కేది. ఆ దర్జా చూసి ఆయన దానికి దొరగారని పేరు పెట్టాడు.

"కర్ర పుచ్చుకుంటే గాని లాభం లేదు," అన్నాడు భార్యతో.

"నోరులేని జీవాల్ని కొడితే ఊరుకోను. దెబ్బ తగలకుండా ఏం చేసుకుంటారో చేసుకోండి."

నారింజ తొక్కల వాసన పిల్లులకు గిట్టదని ఎవరో చెప్పారు. ఇక ఇంట్లో ఏ పూట చూసినా నారింజలే.

"పిల్లులు పోలేదు గానీ నాకున్న నాలుగు పళ్ళూ పులిశాయి నాయనా," అంది ఆయన అత్తగారు.

దొరగారు తొక్కల్ని పక్కకు నెట్టి పని కానిచ్చుకున్నారు.

అప్పుడాయన, ఎదుట ఏది కదిలినా దానంతటదే నీళ్ళు చిమ్మే పిచికారీ కొనుక్కొచ్చాడు.

"ఏది కదిలినా చిమ్ముతుందా?" అంది భార్య.

"ఏది కదిలినా."

"ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ కదిలేది ఎవరో చూసుకున్నారా?"

ఆయన వినిపించుకోలేదు. మొదట బట్టలు ఆరేయబోయిన అత్తగారు తడిసింది. తర్వాత, ఆమె తడిసిందేమోనని చూడ్డానికి పరిగెత్తిన ఆయన తడిశాడు. పిల్లులు గోడమీద వరసగా కూర్చుని చూశాయి. ఆయనకు ఒళ్ళు మండి పిచికారీ మూతిని గోడవైపు తిప్పాడు. పిల్లులు దిగిపోయాయి. నీళ్ళు మాత్రం గోడ దాటి, అవతల నల్లకోటు వేసుకుని కోర్టుకు బయల్దేరుతున్న పక్కింటి ప్లీడరు మీద పడ్డాయి.

"ఇంకోసారి తడిస్తే నోటీసు పంపిస్తాను వాచీల మేస్త్రి గారూ," అన్నాడు ప్లీడరు, కోటు పిండుకుంటూ.

ఆయన మూతిని మళ్ళీ మడివైపు తిప్పేశాడు. చిత్రంగా, ఆ తర్వాత మడి జోలికి పిల్లి అన్నది రాలేదు. సెకండ్ల ముల్లు గారికి నేలమీద కాలు నిలవలేదు. ప్లీడరును ఆదివారం పెరట్లోకి పిలిచాడు.

"మీ ఇంట్లోనూ ఒకటి పెట్టించండి. పిల్లి కాదు, పులి కూడా రాదు."

"నాకు సాక్ష్యం కావాలి," అన్నాడు ప్లీడరు, గొడుగు విప్పి నిలబడి.

ఆయన పిచికారీ ముందు చెయ్యి ఊపాడు. చుక్క రాలేదు. గెంతాడు. రాలేదు. రెండు చేతులూ ఆడిస్తూ మడి చుట్టూ చిందులేశాడు. చెమట తప్ప తడి అన్నది లేదు.

భార్య చేటలో బియ్యం ఏరుతూ గుమ్మంలోకి వచ్చింది. "దానికి నీళ్ళు రాకుండా ఆపేసి వారమైంది."

"మరి పిల్లులు?"

ఆమె వచ్చి మడిమీద మట్టిని చేత్తో తుడిచింది. కింద కోళ్ళగూటికి వేసే తీగవల పరిచి ఉంది. మొక్కలు దాని కన్నాల్లోంచి పైకి లేచాయి. "గుచ్చుకోదు, గాయం చెయ్యదు. తవ్వబోతే పంజాకు అడ్డం వస్తుంది, అంతే. వాటి అవసరానికి ఆ మూల ఇసుక తొట్టి పెట్టాను."

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా."

"చెబితే వల విప్పి బాగుచేస్తారు."

ప్లీడరు గొడుగు ముడిచాడు. "టమాటాల కోసం ఇంత శ్రమ పడ్డావా చెల్లెమ్మా?"

"టమాటాల కోసం ఎవరు పడతారన్నయ్యా? ఈ మడి పోతే ఈయన వంటింట్లోకి వస్తారు."

ఆమె చేతికిచ్చిన చిన్న పార పుచ్చుకుని, ఆయన తొట్టిలో ఇసుక మార్చడానికి మూలకు నడిచాడు. ఆయన పని ముగించి తప్పుకునేదాకా దొరగారు మర్యాదగా అటు తిరిగి కూర్చున్నారు.