మట్టి గట్టు దాటరాదు

వచ్చే వానాకాలం నుంచి నేలకోతను నిషేధిస్తున్నట్టు వ్యవసాయ మంత్రిగారు ప్రకటించారు. ఒక్క రేణువు మట్టి కూడా సొంత పొలం గట్టు దాటి బయటికి పోవడానికి ఇకమీదట వీల్లేదన్నారు. దొంగతనాన్ని నిషేధించిన ప్రభువులున్నారు, అబద్ధాన్ని నిషేధించినవారూ ఉన్నారు. కానీ వాననీళ్ళకు మట్టి కొట్టుకుపోవడాన్ని ఒక్క సంతకంతో ఆపిన మనిషి చరిత్రలో ఇంతవరకు లేడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

చప్పట్లు కొట్టనిది ఒక్క మట్టి మేడమే. అందులో అమర్యాదేమీ లేదు. ఆవిడ రెండు చేతుల్లోనూ రెండు గాజుసీసాలున్నాయి. ఒకదాంట్లో గడ్డి లేని నేల మీంచి పారిన వాననీళ్ళు, చిక్కటి టీలా ఉన్నాయి. రెండోదాంట్లో గడ్డి పెంచిన నేల మీంచి పారిన నీళ్ళు, తేటగా ఉన్నాయి. తేడా జనానికి చూపించమని ఆవిడను వేదిక మీదికి పిలిచారు. ఆవిడ నోరు తెరిచేలోపే మంత్రిగారు సీసాలు అందుకుని, "ఇది ఉత్తర్వుకు ముందు, ఇది ఉత్తర్వు తరువాత" అని చూపించారు. ఉత్తర్వు వచ్చి అప్పటికి గంట కూడా కాలేదు. అంత త్వరగా ఫలితం చూపిన ఉత్తర్వు మరొకటి లేదని పక్కనున్న జాయింట్ డైరెక్టరుగారు ఆశ్చర్యపోయారు.

మట్టి మేడమ్ ఊరి చివర వాలు మీదున్న నేలల పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. ఆ వాలును రేకులు పాతి పొడుగాటి పట్టీలుగా విడదీసింది. ఒక పట్టీలో గడ్డి పెంచింది, ఒకటి వాలుకు అడ్డంగా దున్నించింది, ఒకదాన్ని ఏ పచ్చా లేకుండా బోడిగా వదిలేసింది. ప్రతి పట్టీ అడుగునా సిమెంటు తొట్టి ఉంటుంది. వాన వెలిశాక తొట్టిలో పేరుకున్న మట్టిని ఎండబెట్టి తూకం వేస్తుంది. వాన మొదలైతే లోకమంతా ఇంటికి పరిగెడుతుందని, తన భార్య మాత్రం ఆఫీసుకు పరిగెడుతుందని ఆవిడ భర్త వచ్చినవాళ్ళందరికీ చెప్పి మురిసిపోతుంటాడు.

ఇన్నేళ్ళ తూకాల్లో ఆవిడ తెలుసుకున్నది చిన్న విషయమే. పొలం బలమంతా పైనున్న జానెడు మట్టిలోనే ఉంటుంది. అందులో వేలెడు మందం తయారవడానికి తరాలు పడుతుంది, పోవడానికి నాలుగు గట్టి వానలు చాలు. వాలుకు అడ్డంగా దున్ని, మధ్యమధ్య గడ్డి వరసలు నాటితే చాలావరకు ఆగిపోతుంది. ఈ మాట ఆవిడ వచ్చిన ప్రతి మంత్రికీ విన్నవించుకుంది. కనుక ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఇన్నాళ్ళకు ఒక పెద్దమనిషి చెవిన పడింది అని భర్తతో సంతోషంగా చెప్పుకుంది.

"బాగానే ఉంది కానీ, నిషేధం అంటే పట్టుకునేది ఎవర్ని?" అన్నాడాయన.

"నియమాలు వస్తాయి లెండి" అంది మేడమ్.

నియమాలు వచ్చాయి. జాయింట్ డైరెక్టరుగారు స్వయంగా పట్టుకొచ్చారు. ఎవరి పొలంలోంచి మట్టి పోతే ఆ రైతుదే బాధ్యత. వెంటనే సంజాయిషీ ఇచ్చుకోవాలి. అది తృప్తికరంగా లేకపోతే ఆ ఏడాది సర్కారు విత్తనాలు అందవు. మేడమ్ మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివింది. గడ్డి మాట ఎక్కడా లేదు.

"గడ్డి పశుసంవర్ధక శాఖది మేడమ్" అన్నారు జాయింట్ డైరెక్టరుగారు నచ్చజెబుతూ. "వాళ్ళ గడ్డి మీద మనం చెయ్యి వేస్తే బాగుండదు. వాలు చూడబోతే సర్వే శాఖది. వాన సంగతి వాతావరణ శాఖ చూసుకుంటుంది."

"మరి మనకి మిగిలిందేంటండీ?"

"రైతు" అన్నారాయన.

తొలి వాన పడింది. దానికి ఉత్తర్వు ప్రతి అందినట్టు లేదు. ఎప్పటిలాగే వాలు మీద పొలాలన్నిటినీ గీక్కుంటూ, ఎర్రగా దిగువకు పరుగెత్తింది. తెల్లారేసరికి వాలు రైతులందరికీ నోటీసులు వెళ్ళాయి. బడిలో ఒక తరగతి గది ఖాళీ చేయించి విచారణ పెట్టారు. పిల్లల బల్లల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా రైతులు కూర్చున్నారు. నిపుణురాలి హోదాలో మేడమ్‌కి జాయింట్ డైరెక్టరుగారి పక్కన కుర్చీ వేశారు.

మొదట గట్టక్క వంతు వచ్చింది. పరిశోధన కేంద్రానికి సరిగ్గా దిగువన, గట్టును ఆనుకుని ఉన్న పొలం ఆమెది కాబట్టి అందరూ గట్టక్క అనేవారు. మట్టి ఎందుకు పోయిందని అడిగారు. వానొచ్చిందని చెప్పింది. వాన అందరికీ వచ్చిందని, అడుగునున్న పొలంలో మాత్రం మట్టి పోలేదు సరికదా, పెరిగిందని జాయింట్ డైరెక్టరుగారు మందలించారు. అడుగు పొలం మంత్రిగారి బావమరిదిది.

"పెరగదా అండీ మరి. మాది పోయింది అక్కడికే కదా" అంది గట్టక్క.

మట్టి ఎక్కడికి పోతోందో తెలిసి కూడా ఆమె ఆపలేదని జాయింట్ డైరెక్టరుగారు నమోదు చేయించారు. నేరం మరింత ముదిరింది. గట్టక్క ఆయన్ని వదిలేసి మేడమ్ వైపు తిరిగింది.

"ప్రతి వానకీ మా పక్కనే తూకాలేస్తుంటే మా మంచికే అనుకున్నానమ్మా. ఇందుకా?"

ఆ మధ్యాహ్నం మేడమ్ డబ్బా తెరిచి అన్నం కెలికి మళ్ళీ మూత పెట్టేసింది. జీవితమంతా వాన వెనకాల పరిగెత్తి కూడబెట్టిన లెక్క ఇలా ఒక మనిషి విత్తనాల మీద పడుతుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. విచారణ మళ్ళీ మొదలవగానే లేచి నిలబడింది.

"ఒక పొలం మిగిలిపోయిందండి. వాలు మీద అందరికంటే ఎక్కువ మట్టి పోయింది అందులోంచే. పైరు లేదు, గడ్డి లేదు, వాలు వెంబడే దున్ని వదిలేశారు."

జాయింట్ డైరెక్టరుగారి మొహం వెలిగింది. అంత నిర్లక్ష్యం ఎవరిదని అడిగారు.

"మనదే. నా బోడి పట్టీ. పట్టా వ్యవసాయ శాఖ పేరు మీద ఉంది. సంజాయిషీ శాఖ పెద్దగారే ఇవ్వాలి."

శాఖ పెద్ద అంటే మంత్రిగారు. వెనక బల్లలోంచి ఎవరో దగ్గారు. ఆ దగ్గు నవ్వులా ఉందన్న అనుమానంతో జాయింట్ డైరెక్టరుగారు కాసేపు అటే చూసి, గడియారం చూసుకుని, విచారణ వాయిదా వేశారు.

వారం తిరగకుండానే నోటీసులు వెనక్కి పోయాయి. శిక్షల వల్ల రైతు మనసు నొచ్చుకుంటుందని, ప్రేమతోనే మట్టిని ఆపాలని మంత్రిగారు పత్రికలవారితో గద్గద స్వరంతో అన్నారు. విత్తనాలు అందాయి. గట్టక్క దారిలో కనిపించి నవ్వింది. మేడమ్‌కి ఆ రోజు పాదాలు నేల మీద ఆనలేదు.

మర్నాడు పరిశోధన కేంద్రానికి లారీ వచ్చింది. అందులోంచి నీలంరంగు టార్పాలిన్లు దించి బోడి పట్టీని ఈ చివర నుంచి ఆ చివరిదాకా కప్పేశారు. చివర్న 'నేలకోత లేని పొలం' అని బోర్డు పాతారు. పరిశోధన పాడైపోతుందని మేడమ్ మొత్తుకుంది. నేలకోతే లేనప్పుడు దాని మీద పరిశోధన ఎందుకని జాయింట్ డైరెక్టరుగారు అడిగారు. ఆ తర్కానికి వంక పెట్టడం కష్టం.

రెండో వానకు టార్పాలిన్ మీద పడిన నీళ్ళు ఒక్క చుక్క ఇంకకుండా జారి, తొట్టి మీంచి పొర్లి, గట్టు తెంపుకుని గట్టక్క పొలంలోకి దూకాయి. మడమ లోతు, చోట్లచోట్ల మోకాలి లోతు గాడి పడింది. మేడమ్ గొడుగు మూసేసి గట్టక్కతోపాటు తడుస్తూ నిలబడింది. మొలకెత్తిన విత్తనాలు కూడా మట్టితోపాటే కిందికి పోయాయి.

ప్రేమ కార్యక్రమం కింద ఆ ఏడాది 'ఉత్తమ మృత్తికా రక్షకుడు' అవార్డు పెట్టారు. మట్టి ఏమాత్రం పోగొట్టుకోని రైతుకు ఇస్తారు. కొలిచే బాధ్యత మేడమ్‌దే. ఎవరు నెగ్గాలో చెప్పడానికి జాయింట్ డైరెక్టరుగారు ఆవిడ గదికి రెండుసార్లు వచ్చి, ఎలా మొదలుపెట్టాలో తెలియక వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళారు. తాను ఎవరి మాటా వినబోనని, ఉన్నదున్నట్టు కొలుస్తానని మేడమ్ ముందే భర్తకు చెప్పింది. అన్నట్టుగానే ప్రతి పొలంలోనూ మేకులు పాతించి, పైపొర మందం తానే వంగి కొలిచింది. వాలంతా కలిపి మట్టి పోని పొలం ఒక్కటే తేలింది. బావమరిదిది. నిజాయితీగల అధికారులు ఇంకా ఉన్నారని జాయింట్ డైరెక్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు.

సభ ఆ పొలంలోనే పెట్టారు. చూసి నేర్చుకోమని వాలు రైతుల్ని బస్సుల్లో తీసుకొచ్చారు. ఎర్రగా, మెత్తగా, అడుగు వేస్తే చీలమండ దాకా దిగే నేల. ఫలితాలు వివరించమంటే మేడమ్ మైకు ముందుకు వచ్చి దాపరికం లేకుండా చెప్పేసింది. ఈ పొలానికి తన మట్టి తక్కువేనని, పైనున్నదంతా వాలు రైతుల పొలాల్లోంచి కొట్టుకొచ్చిందేనని, పై పొలాల్లో ఎంత తగ్గిందో ఇక్కడ అంత పెరిగిందని అంది. ఉద్యోగం పోతే పోయిందనుకుంది.

మంత్రిగారు లేచి మైకు అందుకున్నారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

"విన్నారా? పైనుంచి అంత మట్టి పోతుంటే, ఒక్క రేణువు కూడా చేజారనివ్వకుండా ఆపినవాడు ఈయన ఒక్కడే. ఇది మా మాట కాదు, సైన్సు చెప్పింది."

చప్పట్లు మోగాయి. బావమరిది వినయంగా తలవంచి జ్ఞాపిక అందుకున్నాడు. మేడమ్‌కి కూడా ఒక చిన్న జ్ఞాపిక ఇచ్చారు.

సభ ముగిశాక గట్టక్క పొలం మధ్యలో వంగి, పిడికెడు మట్టి తీసింది. వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది. అందులోంచి మొలకవేసిన గింజ ఒకటి బయటపడితే అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడింది. బావమరిది దగ్గరికి వచ్చాడు. మంచివాడు, గొంతు కూడా పెంచలేదు.

"అది కింద పడెయ్యమ్మా. మట్టి గట్టు దాటకూడదు. మా బావగారి ఉత్తర్వు."

గట్టక్క చెయ్యి దులిపేసింది.

గేటు దగ్గర రెండు కుళాయిలు బిగించారు. బయటికి పోయేవాళ్ళు కాళ్ళు కడుక్కునే పోవాలని జవాను చెబుతున్నాడు. నీళ్ళు వృథా కాకుండా పొలంలోకే పారేలా కాలవ తవ్వారు. రైతులు వరసలో నిలబడ్డారు. గట్టక్క వెనకే నిలబడిన మట్టి మేడమ్ తన వంతు రాగానే చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, కాళ్ళు శుభ్రంగా కడుక్కుంది.