నైటీల కోసం బయల్దేరి మాయమైన ఏడుగురు

"ఒరే గిరీ! ఈ రెండు జిల్లాల్లో నేరం చేసే ప్రతివాడూ నిద్రపోయే ముందు ఒక్కసారి నా పేరు తలుచుకుని వణుకుతాడు. మేధస్సంటే ఇదీ!"

ఈ ప్రకటన చేస్తున్నప్పుడు మా బావ నరసింగరావు చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని ఉన్నాడు. మేధస్సుకి ఎడమవైపు కాస్త పొట్ట కూడా కనిపిస్తోంది.

ఆయన మా అక్క మొగుడు. ముప్ఫై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. "మొహం చూసి ఎక్కడ దిగుతాడో చెప్పేవాణ్ణి, మొహం చూసి ఏం నేరం చేశాడో చెప్పలేనా?" అన్నది ఆయన వాదం. నరసన్నపేటలో నా జిరాక్సు కొట్టులో ఒక స్టూలు ఆక్రమించి, 'నరసింగరావు, అపరాధ పరిశోధకుడు' అని నా కాగితం మీద నా ఇంకుతో అచ్చేసి, నా తలుపుకే అంటించాడు. ఇంతవరకూ ఆయన ఎవరినీ పట్టుకోలేదు. ఆయన్నే ఒకసారి జలుబు పట్టుకుంది.

ఆగస్టులో ఒక ఉదయం కృపారాణి కొట్టుకి వచ్చింది. మా కొట్టు పక్కనే 'కృపా జేబు నైటీలు' అని చిన్న షాపు ఆమెది. ఫోనూ, తాళాలూ, చిల్లరా పెట్టుకోవడానికి నైటీకి జేబు కుడుతుంది. అంత మంచి ఆలోచన మా ఊళ్ళో ఇంకెవరికీ రాలేదని మా అక్క అంటుంది.

"అన్నయ్యా, నా బీయెడ్డు సర్టిఫికెట్టు రెండు కాపీలు తియ్యి," అంది. మొహం వాడిపోయి ఉంది.

"ఏటమ్మా, బీయెడ్డు ఇప్పుడెందుకు?"

"స్కూల్లో చేరిపోతన్నాను. ఒకటో తారీకుకి షాపు కాళీ చేసేస్తాను. ఫేస్‌బుక్కులో పెట్టాను, ఇన్‌స్టాలో పెట్టాను, యూట్యూబులో పెట్టాను, వాట్సాపు స్టేటస్సులో పెట్టాను. నాలుగింటికీ వీడియోలు తీసేసరికి కుట్టడానికి టైమే నేదు. ఒక్కటే ఉంచుకుందారంటే ఏది ఉంచుకోవాలో తెలీదు. ఏ దాన్లోంచీ ఒక్క మనిషీ రాలేదు."

మా బావ స్టూలు మీంచి లేచాడు. స్టూలు పడింది.

"నలుగురు అనుమానితులు! అమ్మాయ్, ఆ ఫోనిటు తే!"

"బాబాయ్, నాకు డిటెక్టివ్ అక్కర్నేదు. జిరాక్సు చాలు."

ఆయన అప్పటికే ఫోను లాక్కుని కామెంట్లు చదువుతున్నాడు. ఫేస్‌బుక్కులో ఎవరో పెద్దాయన రోజూ శుభోదయం చెబుతున్నాడు. ఇన్‌స్టాలో అందరూ గుండెకాయలు పెట్టారు. యూట్యూబులో ఒకావిడ జేబు ఎలా కుట్టాలో ఉచితంగా నేర్పమంది. వాట్సాపులో చుట్టాలు బొటనవేళ్ళు చూపించారు. ఉన్నట్టుండి మా బావ గొంతు తగ్గించాడు.

"గిరీ, ఇది చూడు. 'రేపు వస్తున్నాం.' ఇక్కడ, 'వస్తున్నామండీ.' ఇక్కడ మళ్ళీ. లెక్కపెట్టు... ఏడు! ఏడుగురు వస్తున్నామన్నారు. ఆ తరవాత ఒక్కరూ నోరెత్తలేదు. అమ్మాయ్, వీళ్ళు నీ షాపుకొచ్చారా?"

"ఒక్కరూ రాలేదు."

"ఎక్కినవాళ్ళు ఏడుగురు, దిగినవాళ్ళు సున్నా! మరి మధ్యలో ఏమయ్యారు?" అని మా బావ కళ్ళు పెద్దవి చేశాడు. "ఇది ప్రచారం కేసు కాదు. సామూహిక అపహరణ!"

"రావాలనిపించక మానేసుంటారు బావా."

"మామూలు మనుషులు అలాగే అనుకుంటారు."

కృపారాణి కాపీలు తీసుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "మాయమ్మ మాటే నిజమైంది అన్నయ్యా. 'సదువుకుని నైటీలు కుడతావేటే' అని క్రిస్మస్ మర్నాడు గొడవాడింది. అప్పట్నుంచీ మాటల్లేవు. ఇప్పుడు షాపు మూసేశానని తెలిస్తే నవ్వుతాది." కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. నాకు చాలా బాధేసింది. నిజం చెప్పాలంటే మా బావకీ బాధేసింది, కానీ ఆయన బాధపడితే దర్యాప్తు చేస్తాడు. అదే ప్రమాదం.

మొదటి అనుమానం కృపారాణి షాపు ఎదుట రెడీమేడ్ బట్టల కొట్టు తిరుమలరావు మీద పడింది. మా బావ మారువేషం వేశాడు. నల్ల కళ్ళజోడు, ఆగస్టు ఎండలో మంకీ క్యాపు. కొట్లో అడుగుపెట్టి గొంతు మార్చి, "నేను పరాయి ఊరివాణ్ణి..." అని మొదలుపెట్టాడో లేదో తిరుమలరావు లేచి నమస్కారం పెట్టాడు.

"రండి కండక్టరు గారూ! అక్కయ్య గారికేటి సైజు?"

జిల్లాలో సగం మంది ఆయన దగ్గర టిక్కెట్టు తీసుకున్నవాళ్ళే. మారువేషం ఎలా నిలుస్తుంది? అరగంట తరవాత జేబుల్లేని నైటీలు రెండు పట్టుకుని బయటికొచ్చాడు.

"గట్టివాడు. నాచేతే కొనిపించాడు," అన్నాడు.

అదే నిమిషంలో తిరుమలరావు కొట్టు వెనకనుంచి అసిరయ్య అనే ఆయన మోపెడ్ మీద వెళ్ళాడు. వెనక, దుప్పటి చుట్టి తాళ్ళతో కట్టిన నిలువెత్తు మూట ఉంది.

"శవం!" అని మా బావ నా బండెక్కేశాడు. "రైట్ రైట్!"

హైవే దాటి సముద్రం వైపు వెంటపడ్డాం. ఊడ్పులు అయిన చేలు, సన్న రోడ్డు, ముందు మోపెడ్, వెనక మంకీ క్యాపు. ఆరు కిలోమీటర్లు పోయాక అసిరయ్య తనే ఆగి వెనక్కి తిరిగాడు.

"ఏటి కండక్టరు గారూ, నా ఎనకాతల వస్తన్నారు?"

"ఆ మూటలో ఉన్నది ఎవరు?" అని మా బావ గర్జించాడు.

"పరుపండి. దూది ఏకించినాను. తొంగుంటారేటి?"

మా బావ నొక్కి చూశాడు. మెత్తగా ఉంది. చాలా బాగుందని ఒప్పుకున్నాడు. అసిరయ్య వెళ్ళిపోయాక చూస్తే మేమెక్కడున్నామో ఇద్దరికీ తెలియలేదు. నాలుగు వైపులా ఒకే రకం వరిచేలు.

"పరిశోధకుడు దారి తప్పడు. దారే అతన్ని తప్పుతుంది," అంటూ మా బావ ఫోను తీశాడు. "కృపారాణి షాపుకి దారి చూపించమని మ్యాపుని అడుగుతాను. దాని పక్కనే మన కొట్టు."

ఫోను కుడి అంది, ఎడమ అంది. ఊరు దగ్గరపడాల్సింది పోయి సముద్రం గాలి తగలడం మొదలైంది. నేను ఆపుదామంటే మా బావ వినలేదు. చివరికి ఒక పెంకుటింటి ముందు, 'మీ గమ్యం చేరుకున్నారు' అంది.

గేటు మీద తెల్ల శిలువ, వాకిట్లో ఎండుతున్న చేపలు. అరవై ఏళ్ళావిడ గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"మేము... కృపారాణి గారి..." అని మా బావ నసిగాడు.

"తెలుసు బాబూ. దండి, దండి. కాళ్ళు కడుక్కోండి. అన్నం తిని మాటాడుకుందారి."

మా బావ నా చెవిలో గుసగుసలాడాడు. "గిరీ, ఈవిడ నన్ను గుర్తుపట్టలేదు! మారువేషం ఫలించింది. ఇదే స్థావరం. అటు సూడు!"

అరుగు మీద ఒక హెల్మెట్, రెండు గొడుగులు, ఒక పిల్లాడి చెప్పులు ఉన్నాయి.

"మాయమైనోళ్ళ సామాన్లు! ఒరే, ఈవిడ మత్తుమందు పెడతాది. ఏటీ ముట్టుకోకు." భయమేస్తే ఆయన పుస్తకాల భాష పోయి మన భాష వచ్చేస్తుంది.

ఆకులు వేసింది. వేడన్నం, చేపల పులుసు, వేయించిన ఎండురొయ్యలు. మా బావ పరీక్ష కోసం ఒక ముద్ద తిన్నాడు. పరీక్ష మూడుసార్లు జరిగింది. మూడోసారి పులుసు ఆయనే అడిగి వేయించుకున్నాడు.

అంతలో గేటు ముందు స్కూటరు ఆగింది. మొగుడూ పెళ్ళాం దిగారు. దేవి, గోపి అట, శ్రీకాకుళం నుంచి.

"అమ్మా, మళ్ళీ మేమే," అంది దేవి మొహమాటంగా. "ఇది మూడోసారి. వచ్చిన ప్రతిసారీ బోయినం పెట్టి పంపించేస్తన్నారు. నైటీలెప్పుడు సూపిస్తారండీ?"

"నాకు తొందరేటీ నేదు," అన్నాడు గోపి, ఆకు ముందు కూర్చుంటూ. అరుగు మీది హెల్మెట్టు ఆయనదే, కిందటిసారి మరిచిపోయింది.

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. "అమ్మా, మీరెవరు?" అని అడిగాను.

"నాను ఎలీసమ్మని. కృపారాణి తల్లిని. మీరు పర్లాకిమిడి సుట్టాలు కారేటి? మాయల్లుడు ప్రకాష్ తాలూకు?"

"కాదమ్మా. కృపారాణి షాపు పక్కోళ్ళం."

ఎలీసమ్మ గరిటె పట్టుకునే కూలబడింది. "మరి ఈలంతా ఎవులు? క్రిస్మస్ ఎల్లినకాడ్నించీ ఇరవైముగ్గురికి వండి పెట్టినాను! అల్లుడోళ్ళది ఒడిశాలో పెద్ద కుటుంబం, అందర్నీ నానెరగను. కృపారాణి పేరు సెప్పుకొని గుమ్మంలోకొస్తే, 'మీరెవులు' అని ఎలగడగను బాబూ? అల్లుడి సుట్టాల్ని అలగడుగుతారేటి? నా పిల్ల కోపం తగ్గి, మాట కలపమని ఆలని పంపుతాందనుకున్నాను."

"మేం అడుగుదామనుకునేలోపే ఆకు వేసేశారు," అంది దేవి. "తిన్నాక నైటీ అడిగితే బాగోదు కదండీ."

"ఒకావిడ అడిగినాది," అంది ఎలీసమ్మ. "రాత్రికి ఉండిపోతాది కాబోలని నాదొకటి ఇచ్చినాను. ఏసుకొని సూసుకొని, పొడుగు సాల్లేదని ఎలిపోనాది."

నేను ఫోను తీసి మ్యాపులో షాపు పేజీ చూశాను. కృపారాణి నాలుగు చోట్ల తెగ వెతికింది గానీ ఇక్కడ చూడనే లేదు. ఐదు నక్షత్రాలు, పద్నాలుగు అభిప్రాయాలు. 'చేపల పులుసు అద్భుతం.' 'అమ్మగారు దేవత. నైటీలు చూడలేదు.' 'రొయ్యల పొట్లం కూడా ఉచితం.' క్రిస్మస్‌కి కృపారాణి పుట్టింట్లో కూర్చుని షాపు పేజీ తెరిచినప్పుడు, షాపు ఎక్కడని ఫోను అడిగితే ఉన్న చోటే నొక్కేసినట్టుంది. ఎర్ర చుక్క ఈ ఇంటి మీద పడింది. మర్నాడు గొడవ.

"రొయ్యల పొట్లం మా పిల్లకే," అంది ఎలీసమ్మ. "దానికిష్టం. దాని పేరెత్తితే నాకు ఏడుపొచ్చేస్తాది. అందుకని 'పట్టుకెళ్ళండి' అని మాత్రం అనీదాన్ని. ఒక్కటీ అందలేదా దానికి?"

దేవి తలొంచుకుంది. గోపి రొయ్యలు నమలడం ఆపాడు.

మా బావ చేయి కడుక్కుని లేచి నిలబడ్డాడు. "నేను మొదట్నుంచీ అనుకున్నదే. అపహరణ జరిగింది. కానీ నేరస్థురాలు మాతృప్రేమ!"

"బావా, నువ్వు ఇంటికెళ్ళాలని దారి అడిగావు."

"పద్ధతులు బయటపెట్టకూడదు గిరీ."

ఫోన్ చేసి కృపారాణికి అంతా చెప్పాను. ఎలీసమ్మ నా చేతిలోని ఫోను అందుకోలేదు గానీ, దూరంనుంచే అరిచింది. "సెప్పండి దానికి! సుట్టాలు నలుగురొచ్చినారు, అడ్డించీవోళ్ళు నేరు, బేగి రమ్మనండి! ఆ నైటీలు కూడా పట్టుకు రమ్మనండి!"

గంటలో ఆటో వచ్చింది. కృపారాణి నైటీల మూటతో దిగి గుమ్మం అవతలే నిలబడిపోయింది. తల్లి గుమ్మం ఇవతల. ఎనిమిది నెలలు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయని చెప్పడానికి సిగ్గు లేదు.

"తిన్నావా?" అంది ఎలీసమ్మ.

"నేదు."

"సిక్కిపోనావే," అని చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. ఇద్దరూ ఒక్కసారే ఏడ్చారు. మా బావ మంకీ క్యాపు కళ్ళ మీదికి లాక్కున్నాడు.

దేవి మూట విప్పించి నాలుగు తీసుకుంది. పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు గోడ మీంచి చూసి దిగొచ్చారు.

"ఇంతకీ బాబాయ్, నాలుగింట్లో ఏది ఉంచుకోమంటావు?" అని కృపారాణి అడిగింది.

మా బావ గంభీరంగా గోపి వైపు తిరిగాడు. "సాక్షీ! ఈ షాపు నువ్వెక్కడ చూశావు?"

"మ్యాపులోనండి. మంచి భోజనం హోటలు కోసం వెతుకుతుంటే వచ్చింది."

కృపారాణి నవ్వుతూ ఫోను తీసింది. "ముందు ఈ చుక్క సరిచేస్తాను. షాపు మీదకి మార్చేస్తాను."

ఎలీసమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"దాన్ని ముట్టుకోకే. మిసనీ ఇక్కడికి తెచ్చేసుకో. ఆ సుక్కని మనింటి మీదే ఉండనీ."