అయిదవ మాట వేళ దానమ్మ ఉదర సంగ్రామము

ఉప్పల్ మెట్రో స్తంభముల నీడలు సైతము ఎండకు వెరచి ముడుచుకొన్న శుభ శుక్రవారపు మధ్యాహ్నమున, నాచారములోని రేకుల కప్పు ప్రార్థనా మందిరమున, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలను ఏడుగురు వివరించు ఆరాధనలో నాలుగవది ముగియుచుండగా, అయిదవదగు "దప్పిగొనుచున్నాను" అను మాటపై ప్రసంగింపవలసిన వీరవనిత, ఉపవాసదీక్షాధురంధర, దానమ్మ కడుపులో రణభేరి మ్రోగెను.

నిరుడు ఇదే మాట నడుమ ఆమె మరుగుదొడ్డికి పరుగు తీసినది. చేతిలోని మైకు ఆపుట మరచినది. ఈసారియు పరుగెత్తినచో ఆ మాట సంఘపెద్ద ఎబినేజరు వశమగును.

అతడు వంగి పలికెను: "దానమ్మక్కా, ఈసారి మైకుకు వైరు కట్టించిన. దూరం పోదు."

"మంచిగ జేసినవ్ తమ్మీ. నీ ప్రసంగానికి గూడ కట్టించు. అది మస్తు దూరం పోతది."

పలికెనే గాని, మెదడను సింహాసనమునుండి వెడలిన భయవార్త వేగస్ నాడి యను రాజమార్గమున పేగుల కోటకు చేరెను. ఉదయమునుండి గంజిచుక్క యెరుగని కోటానుకోట్ల సూక్ష్మజీవులు తమ రసాయన దూతలను ఎదురు పంపెను. సెరటోనిన్ అను దూత పేగు గోడలను కుదిపెను. కడుపు ఉరిమిన కొలది మెదడు బెదిరెను, మెదడు బెదిరిన కొలది కడుపు ఉరిమెను.

సూక్ష్మజీవశాస్త్రము చదువు మనుమరాలు గ్రేసీ చెవిలో ఊదెను: "అమ్మమ్మా, నీ కడుపుల పురుగులు, మెదడు కబుర్లు పంపుకుంటున్నయి. ఊపిరి నిమ్మళంగ వదులు. రెంటి నడుమ గా నరం సల్లబడ్తది."

"నేను ఉపాసముంటే వాటికేంది?"

"అవి ఉపాసముంటమని ఒప్పుకోలే గదా."

దానమ్మ దీర్ఘముగా నిశ్వసించి, మనసులో గర్జించెను: "ఓ ఉదరదుర్గవాసులారా, ఇన్నేండ్లు అంబలితో, మజ్జిగతో మిమ్ము సాకితిని. ఈ పావుగంట నా పక్షమున నిలువుడు. నిలిచిన, సాయంత్రము పెరుగన్నము. నిలువకున్న, రేపును ఉపవాసమే."

లేచి ప్రసంగించెను. సభ యెల్ల నిశ్శబ్దమైన ఘడియలో కడుపు గుర్రుమనెను. వైరు గల మైకు ఆ ధ్వనిని కడపటి బెంచీ వరకు మోసెను. ఎబినేజరు పెదవి వంకర పోయెను.

దానమ్మ కదలలేదు. మరల నిదానముగా ఊపిరి విడిచి, పొట్టపై చేయి వేసెను. "ఇన్నరా. ఒక్క పూటకే నా కడుపు గిట్ల ఏడుస్తున్నది. ఆయన అంత దప్పిక ఎట్ల ఓర్సుకున్నడో సూడున్రి."

"ఆమెన్" అని మందిరము ప్రతిధ్వనించెను.

అయిదవ మాట సంపూర్ణమై, ఎబినేజరు ఆరవ మాటకు లేచిన పిమ్మటనే, ఆ జఠరవిజయిని తలయెత్తి, పరుగెత్తక, అడుగులో అడుగు వేయుచు మరుగుదొడ్డికి నడచెను. మైకు బల్లమీదనే యుండెను.