బ్రేకుల ప్రారంభోత్సవం

"ఆరోగ్య రథానికి నూతన బ్రేకులు! ప్రజాబంధు ధనంజయన్న గారి స్వహస్తాలతో బిగింపు మహోత్సవం. అందరూ ఆహ్వానితులే!"

సోమవారం పొద్దున మురుగేష్ మెకానిక్ షెడ్డు ముందు ఈ ఫ్లెక్సీ వెలిసింది. అందులో మా నియోజకవర్గ పార్టీ ఇన్‌చార్జి ధనంజయన్న ముఖం లారీ చక్రమంత ఉంది. బ్రేకు బొమ్మ ఆయన చెవి కింద దిష్టి చుక్కలా ఉంది. నేను ఈ మండలానికి విలేకరిని. మూత్రశాలకు రిబ్బను కత్తిరించడం చూశాను, స్పీడ్ బ్రేకరుకు కొబ్బరికాయ కొట్టడం చూశాను. బ్రేకుకు ప్రారంభోత్సవం చేయాలన్న ఊహ మాత్రం ఒక్క ధనంజయన్నకే వచ్చింది. మహానుభావుడు!

ఆరోగ్య రథమంటే డయాలసిస్ వ్యాను. పలమనేరు పక్కనుండే మా పల్లెల నుంచి ఆరుగురు కిడ్నీ రోగులను వారానికి రెండుసార్లు మొగిలి ఘాటు రోడ్డు దించి చిత్తూరు తీసుకుపోతుంది. గురువారం తిరుగు దారిలో బ్రేకు పట్టక, ఊరి మొదట్లో ఇసుక కుప్పలోకి దూరి ఆగింది. మురుగేష్ చక్రం విప్పి చూస్తే ప్యాడ్లు ఇనుము దాకా అరిగిపోయి ఉన్నాయి. పాపం అమాయకుడు, శనివారానికే కొత్తవి తెప్పించి బిగించేశాడు.

సంగతి తెలిసి అన్నగారి పీఏ బాలాజీ పరుగున వచ్చాడు.

"ఎవురు బిగించమన్నారప్పా నిన్ను?"

"బ్రేకు పోయింటే బిగించొద్దా సార్?"

"ఊడదీయి. అన్న సొంతంగా ప్యాడ్లు ఇస్తా ఉండాడు. ఆయన చేత్తోనే పడాల."

"సోమవారం పేషెంట్లు పోవాల సార్."

"పోతారు. సోమవారం పొద్దున్నే అన్న వస్తాడు."

మురుగేష్ తను వేసిన ప్యాడ్లు ఊడదీసి గుడ్డలో చుట్టి పెట్టుకున్నాడు. ముందు చక్రాలు రెండూ విప్పి, వ్యానును జాకీల మీద నిలబెట్టారు.

సోమవారం ఏడింటికే రోగులను ముందు వరుస కుర్చీల్లో కూర్చోబెట్టారు. అందులో శకుంతలమ్మ అనే పెద్దావిడ ఉంది. రెండు ఆవులతో సంసారం లాక్కొచ్చే మనిషి. గురువారం నుంచి ఒంట్లో చేరిన నీరు చిత్తూరులో తీస్తేనే దిగుతుంది, లేకపోతే ఊపిరి అందదు. కాళ్ళు అప్పటికే చెప్పుల్లో పట్టడం లేదు.

"ఎప్పుడు పోతాది నాయనా బండి?" అని నన్నడిగింది.

"అన్న రాగానేనమ్మా," అన్నాను గర్వంగా.

తొమ్మిది దాకా రాహుకాలం కాబట్టి అన్న రాలేదు. ఆ తరవాత టిఫినుకు కూర్చున్నారు. పదిన్నరకు యమగండం వచ్చింది. రోగుల క్షేమం కోసం ఒక నాయకుడు ఇంత నిష్ఠగా ముహూర్తం చూడడం నా సర్వీసులో చూడలేదు. పేపరు వాళ్ళు తొందరపెడుతున్నారని నేను పదకొండింటికే వార్త పంపేశాను: "చిరునవ్వులతో చిత్తూరుకు బయల్దేరిన రోగులు."

పన్నెండుంబావుకు అన్న దిగారు. మడత నలగని ఖాకీ చొక్కా వేసుకున్నారు. పూజకు పిలిచిన అయ్యవారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టబోయి, "ముందర చక్రాలే లేవే!" అన్నాడు.

"జాకీల కింద పెట్టు సామీ," అన్నాడు బాలాజీ.

వెల్వెట్ పెట్టెలోంచి ప్యాడ్లు తీసి అన్న చేతికిచ్చారు. అన్న ఒకటి పట్టుకుని కెమెరా వైపు నవ్వారు.

"అన్నా, తిరగేసి పట్టుకోనుండారు," అన్నాడు మురుగేష్ మెల్లగా.

"ఫొటోలో తెలీదులే, పక్కకు జరుగు," అన్నాడు బాలాజీ.

మూడు టేకుల్లో బిగింపు పూర్తయింది. రోగులకు పసుపు శాలువాలు కప్పి వ్యానులో ఎక్కించారు. అన్న జెండా ఊపారు. బండి జాకీల మీద ఉంది కాబట్టి కదల్లేదు. నలుగురు కార్యకర్తలు వెనక నుంచి ఊపితే వీడియోలో కదిలినట్టే వచ్చింది. చప్పట్లు మోగాయి. నాకూ కళ్ళు చెమర్చాయి.

జనం పోగానే బాలాజీ చెయ్యి చాపాడు. "ప్యాడ్లు ఇట్లియ్యి మురుగేషూ."

"ఇవి ఈ బండికి కదా సార్?"

"మూడింటికి బంగారుపాళెంలో ప్రోగ్రాం ఉండాది. జిల్లా అంతా తిరగాల ఇవి. నీయి నువ్వు ఏసుకో, ఎవురికీ చెప్పొద్దు."

పెట్టె కారెక్కింది. వ్యాను డ్రైవరు కూడా అన్న బైకు ర్యాలీలో వెళ్ళిపోయాడు. మురుగేష్ చిత్తూరు సెంటరుకు ఫోను చేశాడు. నాలుగు లోపల వస్తే ఆఖరి బ్యాచీలో చూస్తామన్నారు. అన్నం కూడా తినకుండా గంటన్నరలో తన ప్యాడ్లు బిగించి, చక్రాలెక్కించి, స్టీరింగు తనే పట్టుకున్నాడు. బంగారుపాళెం వార్త కూడా నాదే కాబట్టి నేనూ ఎక్కాను.

ఘాటులో బ్రేకు అడుగడుగునా పట్టింది. పిల్లి అడుగులేసినట్టు దిగాం. "సల్లగుండు నాయనా," అంటూనే ఉంది శకుంతలమ్మ, ఆయాసపడుతూ.

బంగారుపాళెంలో మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా షామియానా, కుర్చీలు, ధనంజయన్న. మురుగేష్ బ్రేకు తొక్కాడు. బండి జానెడు దూరంలో, కుర్చీ కూడా కదలకుండా ఆగింది.

బాలాజీ ముఖం వెలిగిపోయింది. "దేవుడు పంపినట్టు వచ్చినావప్పా! ఈ ఊరి బండి సెడిపోయి రాలేదు. ఎత్తండ్రా దీన్ని!"

"సార్, బ్రేకులు బాగుండాయి! నాలుగింటికి ఆస్పత్రిలో ఉండాల!"

"పది నిమిషాల పనేలే. అన్న వెయిటింగు."

కార్యకర్తలు క్షణంలో జాకీలు పెట్టి చక్రాలు విప్పారు. బాగున్న ప్యాడ్లు ఊడదీసి పక్కన పారేశారు. పెట్టె తెరుచుకుంది. అన్న గంటసేపు మాట్లాడారు. ప్రజల ప్రాణం తన ప్రాణమన్నారు. రోగులకు ఈసారి ఆకుపచ్చ శాలువాలు కప్పారు.

నేను ఫొటో పంపిన అయిదు నిమిషాలకే ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

"ఏమయ్యా, రెండు ఊళ్ళ ఫొటోల్లోనూ ఒకే ముసలావిడ ఉందేమిటి?"

"శాలువా రంగు వేరు కదా సార్," అన్నాను.

"అవునవును, చూసుకోలేదు," అని పెట్టేశారు.

షామియానా విప్పి, పెట్టె మళ్ళీ కారెక్కించేసరికి అయిదున్నర దాటింది. చిత్తూరు నుంచి ఫోను వచ్చింది. ఆఖరి బ్యాచి అయిపోయిందట, రేపు చూద్దామన్నారు. మురుగేష్ రోడ్డు పక్కన మట్టిలో వంగి తన ప్యాడ్లు వెతుక్కుంటున్నాడు. శకుంతలమ్మ వ్యాను మెట్టు మీద కూర్చుని, ఊపిరి అందక రెండు శాలువాలూ తీసి పక్కన పెట్టింది. షామియానా ఉన్న చోటును చూసి, మురుగేష్ వైపు తిరిగింది.

"బ్రేకులు అంత బాగా ఎందుకేసినావు నాయనా?" అంది.