నమూనా లేని పరీక్ష

ఆ సోమవారం పొద్దున సుదర్శన్ అనుకున్నది ఒక్కటే, మధ్యాహ్నంలోగా చీర పూర్తిచేసి మగ్గం మీంచి దించాలని. గద్వాలలో నేతపని చేసుకునేవాడు అంతకన్నా పెద్ద ఆశలు పెట్టుకోడు. అంతలో ఆరో తరగతి చదివే కూతురు సుష్మిత సంచిలోంచి బడివాళ్ళ చీటీ తీసింది.

"నాయినా, పెద్దసారు ఇచ్చిండు. సదువు."

సుదర్శన్ చీటీని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు, జేబు తడుముకున్నాడు. "అద్దాలు సేటు దుకాణంల మర్చిన. ఏమన్నడో నువ్వే చెప్పు."

సుదర్శన్ అద్దాలు ఎప్పుడూ అతను లేనిచోటే ఉండేవి.

"ఎల్లుండి హైదరాబాద్ మేడం వచ్చి పరీక్ష పెడ్తదంట. సదువు రానోళ్ళకు. సర్టిఫికెట్ తెస్తెనే బడి, లేకుంటే టీసీ అన్నడు."

సుష్మిత ఒకసారి విన్నది మళ్ళీ మరవదు. పుస్తకం తెరిస్తే మాత్రం ఒక్క వరస గట్టెక్కదు. ఈ జబ్బుకు సార్లు మూడేళ్ళుగా ఒకే మందు ఇస్తున్నారు, అదీ బెత్తంతో, అరచేతి మీద. ఆ మందు పడకే సుదర్శన్ ఐదో తరగతిలో బడి మానేశాడు. కూతురు కూడా తనలాగే మగ్గం గుంటలో కూర్చుంటుందేమోనని అతనికి లోలోపల చెప్పలేనంత భయం.

"నమూన ఏది మరి?" అన్నాడు. నమూనా చూడకుండా నేతగాడు చీర మీద బుటా పువ్వు ఎత్తడు. పరీక్షయినా అంతే అనుకున్నాడు.

భార్య సుహాసిని పొయ్యి దగ్గరనుంచే ఉపాయం చెప్పింది. "వనపర్తిల మా తమ్ముడు లింగయ్య కొడుకు రంజిత్‌కు పోయిన వారం గదే పరీక్ష అయ్యింది. ఏ లోపం లేదు, మస్తు తెలివి అని రాసిచ్చిన్రంట."

"ఇంకేంది, దొరికింది నమూన."

చీటీ మడిచి గోడ సందులో దోపాడు. అందులో చివరి వాక్యం, పిల్లలకు ముందుగా ఏమీ నేర్పించి పంపకూడదని. పాపం, అది చదవడానికి అద్దాలుండాలి కదా.

సాయంత్రం తండ్రీకూతుళ్ళు ఎస్టీడీ బూత్‌కు పోయి వనపర్తికి ఫోన్ కలిపారు. రంజిత్‌కు ప్రశ్నలు సరిగా గుర్తులేవు, తను చెప్పిన జవాబులు మాత్రం వరసగా గుర్తున్నాయి. అవే చెప్పాడు, చదివించిన పేరాతో సహా. సుష్మిత ఒక్క విడతలో అన్నీ పట్టేసింది. ఇంటికొచ్చాక తండ్రి నేస్తుంటే పక్కన కూర్చుని అప్పజెప్పింది.

"నాయినా, అన్నిటికన్న ముందు 'లింగయ్య' అనాల్నంట. మామ పేరెందుకు?"

"వాడు గట్టెక్కినోడు. నమూన ఎట్లుంటే గట్లనే నెయ్యాలె. ఒక్క పోగు గూడ అటిటు గావద్దు."

బుధవారం బడిలో నలభైమంది పిల్లలు, హైదరాబాద్ నుంచి వచ్చిన వసంత మేడం ఒక్కతే. మధ్యాహ్నానికి ఆవిడ ముఖం వాడిపోయింది. సుష్మిత వంతు రాగానే సుదర్శన్ కిటికీ దగ్గర చేరాడు.

"మీ నాన్న పేరేమిటమ్మా?"

"లింగయ్య."

సుదర్శన్ కిటికీ ఊచల్లోంచి వద్దని చెయ్యి ఊపాడు. లోపల అమ్మాయి ఆగలేదు. లెక్క పూర్తిగా అడగకముందే ఆరు అంది, బొమ్మ చేతికిచ్చేలోపు కుర్చీకి ఒక కాలు లేదంది, కాకి కథ కాగితం చేతిలో పట్టుకుని ఎక్కడా తడబడకుండా అప్పజెప్పింది. ఉదయంనుంచి ఇంత హాయిగా ఒక్క పిల్లా చదవలేదని మేడం మురిసిపోయి వెంటనే సంతకం చేసింది.

ఆ కాగితం చూసి పెద్దసారు శ్రీశైలం తల ఊపాడు. "ఏ ఇబ్బందీ లేదంట. అంటే కావాల్ననే సదువుతలేదు. టీసీ తీస్కపొమ్మను."

"సర్టిఫికెట్ తెచ్చింది గద సార్?" అన్నాడు సుదర్శన్.

"ఇబ్బంది ఉందని తెమ్మన్న, లేదని గాదు. ఉందంటే పరీక్షల టైం ఎక్కువిస్తుంటి, కొట్టొద్దని సార్లకు చెప్తుంటి. సరే, వాళ్ళ నాయిన్ను తోలియ్యి."

"నేనే సార్."

"ఈడ లింగయ్య అనుంది."

"లింగయ్య నా బామ్మర్ది. వనపర్తిల ఉంటడు."

"అయితే పిల్లను వనపర్తి బడికే తోలు."

తెలివైన పిల్లగా నెగ్గించి కూతురి బడి ఊడగొట్టాడు, పైగా తండ్రి పదవి బావమరిదికి అప్పగించాడు. సుదర్శన్ పరుగున పోయేసరికి మేడం పెట్టె సర్దుకుంటోంది. జరిగిందంతా ఒప్పుకున్నాడు.

"ఏమీ నేర్పించొద్దని చీటీలోనే రాశాం కదండీ?"

"అద్దాలు మర్చిన మేడం."

"నాయినకు అద్దాలే లేవు," అంది సుష్మిత.

మేడం పెట్టె మళ్ళీ తెరిచింది. కాకి కథ కాగితం తీసి అతని ముందు పెట్టి, చదవమంది. వెయ్యి పోగుల్లో తెగినదాన్ని చీకట్లో పట్టుకోగల మనిషి, మొదటి వరసలోనే చిక్కుపడ్డాడు.

"చిన్నప్పటినుంచీ ఇంతేనా?"

"గిందుకే బడి ఇడిసిన. మొద్దునని అన్నరు, నేను గూడ గట్లనే అనుకున్న."

"మొద్దు కాదండీ. అక్షరాలు పోల్చుకోలేని ఇబ్బంది ఇది, కొందరి ఇళ్ళల్లో తండ్రినుంచి పిల్లలకు వస్తుంది. ఇంతసేపూ నేను అడగాల్సింది ఈ సంగతే."

పెట్టె అడుగున వేరే కార్డులు, వేరే కథా ఉన్నాయి. సుష్మిత మొదటి వాక్యం దగ్గరే ఆగింది, రెండోదాన్ని వెనకనుంచి మొదలుపెట్టింది, మూడోదానికి ఏడుపు మొహం పెట్టింది. సుదర్శన్ జన్మలో మొదటిసారి కూతురి చదువు చూసి "శభాష్ బిడ్డా" అన్నాడు, అంటూనే కళ్ళు తుడుచుకున్నాడు.

కొత్త సర్టిఫికెట్ పెద్దసారు చేతిమీదుగా వచ్చింది. టీసీ మాట సద్దుమణిగింది.

"ఈసారన్న నాయిన పేరు సరిగుందో లేదో సూస్కో," అన్నాడు శ్రీశైలం సారు.

సుదర్శన్ కాగితాన్ని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు, కూతురికిచ్చాడు. ఆమె కూడా అట్లాగే చూసి, తిరిగి సారుకే ఇచ్చింది.

"అద్దాలు మర్చినం సార్."