రామప్ప ఎడమకు లాగుతాండాడు

ఆ రోజు బాబావలి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే హిందూపురంలో టీ తాగి లారీ తీయాలి. ధర్మవరంలో నరసింహులు మగ్గాన్ని ఎక్కించుకుని, పొద్దు గూకేలోగా అతని కొత్తింట్లో దించాలి. దారిలో స్టీరింగు పేచీ పెట్టకపోతే చాలు. పెడితే మాత్రం లారీని తుక్కుకు ఇచ్చేస్తానని భార్య జమ్రూద్ ముందు రోజే తేల్చి చెప్పింది. పాత ఇనుము కొనే జయరాజుతో మాట కూడా అయిపోయింది.

ఆ లారీ పేరు రామప్ప. అగళిలో రామప్ప అనే ఆయన దగ్గర కొన్నారు గనక మొదట్లో ‘అగళి రామప్ప లారీ’ అనేవారు. పిలిచి పిలిచి చివరనున్న ‘లారీ’ అరిగిపోయింది, రామప్ప మిగిలాడు. బాబావలికి రామప్ప అంటే ప్రాణం. రామప్పకు మాత్రం రోడ్డుకు ఎడమ పక్క అంటే ప్రాణం. కుడికి తిప్పితే కాసేపు ఆలోచించి గానీ తిరిగేవాడు కాదు.

పెనుకొండ దగ్గర పడగానే రామప్ప నేరుగా ఒక చెరకురసం బండి మీదికి బయలుదేరాడు. రసం తీస్తున్నతను గ్లాసుతో సహా పక్కకు జరిగి దారి ఇచ్చాడు. బాబావలి బ్రేకు తొక్కి, చెమట తుడుచుకుని, మెల్లగా ఆ ఎదురుగానే ‘షాకిర్ స్టీరింగ్ క్లినిక్’ అని బోర్డున్న షెడ్డు చేరాడు.

షాకిర్ లారీ కింద దూరి, స్టీరింగు అటూ ఇటూ ఊపమన్నాడు.

“ఆట ఎక్కువైందన్నా. నువ్వు తిప్పినాక చక్రం తిరిగేలోపల ఒక టీ తాగి రావొచ్చు. జాయింట్లు అరిగినాయి, రాడ్డు వంగింది. మార్చల్ల.”

“సాయంత్రానికి అయితాదా?”

“విప్పి చూస్తే గదా తెలిసేది.”

బాబావలి ఇంటికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. అబద్ధం ఆడే తెలివి అతనికి ఉండి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

జమ్రూద్ వెంటనే పెరట్లోకి వచ్చి జయరాజుకు ఫోను కలిపింది. పక్కింట్లో హనుమక్క బట్టలు ఆరేస్తోంది. ఆమె ఆ ఇంట్లో చేరి నెల కాలేదు. పుట్టిల్లు అగళి.

“మా రామప్పకు మళ్ళా వచ్చిందన్నా,” అంటోంది జమ్రూద్. “ఎడమ పక్కకు లాగుతాండాడంట. పెనుకొండలో షాకిర్ క్లినిక్‌లో పెట్టినారు. జాయింట్లు పోయినాయంట, రాడ్డు వేయల్లంట. ఇంక ఎంత చేసినా దండగే. నువ్వు వచ్చి పనికొచ్చేవి తీసుకోని, మిగిలింది ఏమన్నా చేసుకో. మా ఆయన ఏడుస్తాడు, నువ్వు పట్టించుకోవద్దు.”

హనుమక్క చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది.

“ఏమ్మా, అగళి రామప్పనా?”

“ఆయప్పే అక్కా. వయసైపాయె. ఎన్నాళ్ళని భరిస్తాం?” అని జమ్రూద్ లోపలికి వెళ్ళిపోయింది.

లారీ అమ్మిన రామప్ప హనుమక్కకు వరసకు అన్న. ఆమె రామప్ప భార్య ఈశ్వరికి ఫోను చేసి, ఏడుపు ఆపుకోలేక, విన్నదంతా చెప్పింది.

“పొద్దున రొళ్లకు గొర్రెలు చూసేకి పోయినాడే,” అంది ఈశ్వరి. “ఫోను గూడా ఈడే మరిచిపోయినాడు.”

“దోవలో పడిపోయింటాడు వదినా. ఎవురో పెనుకొండకు తెచ్చినారు. బతికుండగానే పనికొచ్చేవి తీసుకుంటారంట. నువ్వు బిరీన పో.”

ఈశ్వరి బాడుగ కారు మాట్లాడుకుని బయలుదేరింది. వార్త మాత్రం కారు కన్నా ముందు వెళ్ళింది. అగళిలో రామప్పకు పడిపోయింది ఎడమ చెయ్యి ఒక్కటే. అమరాపురం చేరేసరికి రెండు కాళ్ళు కూడా పోయాయి.

పెనుకొండలో షాకిర్ క్లినిక్ ఎక్కడని అడిగితే ఆటోవాడు చెయ్యి చూపించాడు. షెడ్డులో ఈశ్వరికి లారీ కింద నుంచి రెండు కాళ్ళు మాత్రం కనబడ్డాయి.

“డాక్టరు యాడప్పా?”

“నేనేమ్మా చూస్తాండేది,” అన్నాయి కాళ్ళు.

“రామప్పకు ఎట్లుండాది?”

“బాగుండాది. రాడ్డు మార్చినా, జాయింట్లు కొత్తవి వేసినా. గ్రీజు కొడితే అయిపాయె.”

“గ్రీజా?” అంటూ ఈశ్వరి నేల మీద కూలబడింది. బాబావలి నీళ్ళు తెచ్చి ఇచ్చి, ఎవరమ్మా అని అడిగి, సంగతి తెలుసుకుని, లారీని చూపించాడు. ఈశ్వరి లారీని కాసేపు, అతన్ని కాసేపు చూసింది. తర్వాత ఆమె అన్న మాటలకు షాకిర్ మరికొంత లోపలికి జరిగాడు.

అంతలో జయరాజు ఇనుము కోసే సామానుతో ఆటోలో దిగాడు. మొగుడు లారీతో ఎటైనా ఉడాయిస్తాడేమోనని జమ్రూద్ కూడా వెంట వచ్చింది. బాబావలి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

“బాగైంది గదా జమ్రూద్. ఒక్కసారి నడిపి చూద్దాం.”

“పోయినసారీ ఇదే మాట. జయరాజన్నా, మొదలుపెట్టు.”

సరిగ్గా అప్పుడే పెద్ద తలపాగాతో ఒక మనిషి షెడ్డులోకి వచ్చాడు.

“నాకేమో పక్షవాతం వచ్చిందంట, ఈడ పెట్టినారంట,” అన్నాడు రామప్ప. “ఇంటికి పోతే తాళం ఏసుండాది. ఎట్లుండానో చూసిపోదామని వచ్చినా.”

ఈశ్వరి లేచి మొగుడి ఎడమ చెయ్యి గట్టిగా గిల్లింది. అతను అబ్బా అన్నాక ఆమెకు ప్రాణం కుదుటపడింది. అప్పుడు జయరాజు చేతిలోని సామాను చూసింది.

“అది ఎందుకప్పా?”

“రామప్పను కోసేకమ్మా,” అన్నాడు జయరాజు అలవాటు కొద్దీ.

ఈశ్వరి వెళ్ళి లారీకి అడ్డంగా నిలబడింది.

“మా ఆయన పేరు పెట్టుకోని, ఆయన కండ్ల ముందరే కోస్తారా? రేపు ఆయనకేమన్నా అయితే ఎవురు జవాబు చెప్పేది? మా ఆయన ఉన్నన్ని దినాలు దీని మీద చెయ్యి పడకూడదు.”

“అది వట్టి ఇనుమక్కా,” అంది జమ్రూద్.

“వట్టి ఇనుమైతే ‘వయసైపాయె, ఎన్నాళ్ళు భరిస్తాం’ అని మా హనుమక్కతో ఎవురి గురించి చెప్పినావు?”

జయరాజు ఒకసారి రామప్పను, ఒకసారి లారీని చూశాడు. “మనిషి పేరున్న బండి నాకొద్దక్కా,” అని సామాను మళ్ళీ ఆటోలో పెట్టుకున్నాడు.

లారీ నరసింహులు మగ్గం కోసం ధర్మవరం బయలుదేరింది. రోడ్డు మీద గీసిన గీతలాగా తిన్నగా పోయింది. చెరకురసం అతను ఎందుకైనా మంచిదని ముందే లేచి నిలబడ్డాడు.

ఇప్పుడు బాబావలి ప్రతి శుక్రవారం నమాజు తర్వాత రామప్ప ఆయుష్షు కోసం దువా చేస్తాడు. ఏ రామప్ప కోసమని జమ్రూద్ అడగడం మానేసింది.