ఖాళీ కుర్చీల స్ఫటికం

ఆ ఆదివారం జపాన్‌లోని ఫుకువొకా నగర పరిశోధనశాల తలుపులు ఊరివాళ్లకు తెరిచారు. అక్కడి పరిశోధకురాలు చిహిరో పథకం చిన్నదే. హాల్లో కుర్చీలు వరసగా వేసి, బడిపిల్లలను ఆక్సిజన్ కణాలుగా కూర్చోబెట్టి, హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌తో కలిపి కరెంటు పుట్టించే ఇంధన ఘటంలోని జిర్కోనియా పలక ఎలా పనిచేస్తుందో మేయరుకు చూపాలి. ఆయనకు నచ్చితే మార్చి తర్వాతా ఆమె ఉద్యోగం ఉంటుంది. నచ్చకపోతే ఊడుతుంది, అంతే.

ఆ స్ఫటికంలో జిర్కోనియం చోట అక్కడక్కడా యిట్రియం అనే లోహాన్ని దూరిస్తే కొన్ని ఆక్సిజన్ స్థానాలు ఖాళీ పడతాయి. పక్కనున్న ఆక్సిజన్ ఆ ఖాళీలోకి గెంతుతుంది, దాని చోటులోకి ఇంకొకటి. అలా గట్టి రాయి గుండా ఆక్సిజన్ నడిచిపోతుంది. అందుకే చిహిరో కొన్ని కుర్చీలు ఖాళీగా వదిలి, మేయరుకు ఎదురువెళ్లింది.

విభాగాధిపతి కురతోమి వాటిని చూశాడు. అతిథి ముందు ఖాళీ కుర్చీలంటే ఆయనకు తల కొట్టేసినట్టే. పక్క గదిలో టీ తాగుతున్న వృద్ధుల సంఘాన్ని తెచ్చి నింపాడు. వాళ్లు స్నేహితులను పిలిచారు, దిండ్లు సర్దుకున్నారు, కమలాపళ్లు ఒలిచారు. మిగిలిన ఒక్క కుర్చీలో కురతోమి తనే కూర్చున్నాడు.

మేయరు వచ్చాడు. కుర్చీలన్నీ నిండినా చిహిరో పిల్లలకు గెంతమని సైగ చేసింది.

"ఎక్కడికక్కా? తాతగారి ఒళ్లోకా?" అంది ఒక పిల్ల.

చిహిరో కురతోమి చెవిలో "కాస్త లేవండి సార్" అంది.

"మేయరుగారి ముందు కుర్చీ ఖాళీ చెయ్యమంటావా? బుద్ధుందా?"

మేయరు గడియారం చూసుకున్నాడు. కుర్చీ పట్టుకున్నవాడు లేవకపోతే లోకంలో ఏదీ నడవదు.

అప్పుడు తలుపు పక్కనున్న ఫురుషో తాత లేచాడు. "క్షమించాలమ్మా, పొద్దున్నుంచీ వేడి వేడి టీలే. ఇక నావల్ల కాదు" అని గబగబా బయటికి పోయాడు.

పక్కనున్న పిల్ల ఆ కుర్చీలోకి గెంతింది. ఆమె చోటులోకి ఇంకొకడు. ఖాళీ వెనక్కి వెనక్కి పరిగెత్తి కిటికీ దాకా పోయింది, అక్కడ నిలబడి ఉన్న కొత్త పిల్లవాడు అందులోకి వచ్చాడు. అది చూసి ముసలివాళ్లూ ఒక్కొక్కరే లేచి పక్కకు జరిగారు. చివరికి కురతోమి కూడా, తనకే తెలియకుండా. కుర్చీ ఒక్కటీ కదల్లేదు. హాలంతా ఏరులా పారింది. కమలా తొన నోట్లో పెట్టుకున్నవాళ్లు నమలడం మరిచారు.

మేయరు, వచ్చే ఏడు దీన్ని నగరసభలో ఈ అమ్మాయే చూపాలన్నాడు. అదంతా తన ఆలోచనే అన్నట్టు కురతోమి నడుము వంచి నమస్కరించాడు.

"ఇంత గట్టి రాయిలో ఇదంతా జరుగుతుందా అమ్మా?" అని అడిగాడు మేయరు.

"బాగా వేడెక్కితే, ప్రతి క్షణమూ జరుగుతుందండి."

"మరి అటు చివరికి చేరిన ఆక్సిజన్ ఏమవుతుంది?"

చిహిరో ఫురుషో తాత వెళ్లిన తలుపు వైపు చూసింది.

"నీళ్లయి బయటికి పోతుందండి."